మూడింట్లో ఒక్కటి కూడా చెప్పలేదు

"ఒకటి... రెండు... మూడు!"

మినోరి, సుమిరే తడిగుడ్డల మీద రెండు చేతులూ ఆనించి, నడుములు వంచి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోయారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్కూలు తుడవడం పిల్లల పనే. ఊరికే తుడవమంటే ఎవరు తుడుస్తారు? అందుకే రోజూ పందెం.

ఎప్పుడూ మినోరీయే గెలుస్తుంది. ఆ రోజు మాత్రం సుమిరే గెలిచింది.

"ఏమైందే నీకు? మధ్యలో ఆగి నవ్వుకుంటున్నావ్?" అంది సుమిరే ఆయాసపడుతూ.

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెవుల దాకా ఆ నవ్వేంటి?"

"సార్! మినోరికి పిచ్చి పట్టింది సార్!" వెనకనుంచి షోగో అరిచాడు. వాడు చీపురు పట్టుకుంటాడే తప్ప ఊడవడు. ఐదో తరగతి మొత్తంలో పెద్ద నోరు వాడిదే.

"నీ చీపురుకి పట్టింది పిచ్చి. పొద్దుట్నుంచి కదల్లేదు పాపం," అంది మినోరి. అందరూ నవ్వారు. షోగో కూడా నవ్వేసి రెండు సార్లు ఊడ్చాడు.

మినోరికి నిజంగానే కాలు ఒకచోట నిలవడం లేదు. కడుపులో ఓ రహస్యం గిలగిల్లాడుతోంది. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో మీకూ తెలిసే ఉంటుంది.

ఆ రహస్యం పేరు మోకో.

మోకోది కూడా ఐదో తరగతే. ఎక్కడో ఉత్తరాన, మినోరి వాళ్ల ఊరు హమానేకి రావాలంటే రెండు రైళ్లు మారి, ఒక లాంచీ ఎక్కాల్సినంత దూరంలో ఉంటుంది. మినోరికి 'మబ్బుదీవి' ఆటలో పరిచయమైంది. ఆకాశంలో ఎవరి దీవి వాళ్లు కట్టుకునే ఆట అది. ఈ ఆదివారం అందులో పెద్ద పండగ. ఏడురంగుల రెక్కలు ఉన్నవాళ్లే పైనున్న కోటలోకి ఎగిరి వెళ్లగలరు. క్లాసులో ఎవరి దగ్గరా ఆ రెక్కలు లేవు. మోకో దగ్గర మాత్రం రెండు జతలున్నాయి.

"ఒక జత నీకిస్తా," అని రాసింది మోకో సోమవారం. "కానీ ముందు ఒక ఆట ఆడదాం. నీ ఊరు నేను కనిపెట్టాలి. నువ్వు పేరు చెప్పకూడదు. ఆనవాళ్లు మాత్రమే ఇవ్వాలి. ఈ ఆట మనిద్దరిదే. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు."

మినోరి ముందు కాస్త ఆలోచించింది. క్లాసు గోడ మీద కురాటా సార్ అంటించిన కాగితం గుర్తొచ్చింది. ఇంటర్నెట్‌లో మూడు చెప్పకూడదు: పేరు, స్కూలు, ఇంటి అడ్రసు. మోకో ఈ మూడింట్లో ఏదీ అడగలేదు కదా! పైగా పేరు చెప్పకూడదని తనే అంటోంది. మోకో ఎంత మంచి పిల్ల!

సోమవారం మొదటి ఆనవాలు: సముద్రం ఉంది, ఎదురుగా చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి.

మంగళవారం రెండోది: స్కూల్లో ఆ రోజు భోజనానికి ఏం పెట్టారు? నిమ్మరసం పోసిన వేపుడు చేప, గుమ్మడికాయ సూప్, నేరేడు రంగు జెల్లీ. అది కూడా చెప్పేసింది. భోజనం గురించి చెబితే ఏమవుతుంది?

ఇవాళ బుధవారం. మూడోది, అన్నింటికంటే సరదా అయినది. సాయంత్రం ఐదింటికి మీ ఊరి మైకులో ఏ పాట వస్తుందో వినిపించు!

ఐదింటికి ఊరంతా మైకులు మోగుతాయి. పిల్లలూ, ఇక ఇళ్లకి వెళ్లండి అని దానర్థం. ఏ ఊరి పాట ఆ ఊరిదే. హమానేది పాత పడవ పాట. పాడేవాళ్లు లేరు, ఒట్టి బాజా మాత్రమే. చివర్లో ఒక స్వరం తప్పుతుంది. టేపు ఎప్పుడో పాడైనా ఎవరూ మార్చలేదు. పిల్లలందరూ ఆ తప్పు స్వరాన్ని మూలుగుతూ వెక్కిరిస్తారు.

అమ్మ సూపర్‌మార్కెట్‌లో వేపుళ్లు చేసే దగ్గర పని చేస్తుంది. ఐదున్నర దాకా రాదు. నాన్న లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. మినోరి తాళం తీసుకుని ఇంట్లోకి దూరి, బూట్లు ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరేసి, టాబ్లెట్ తీసుకుని బాల్కనీలోకి పరుగెత్తింది. నాలుగు గంటల యాభై ఎనిమిది నిమిషాలు.

"మోకో! రెడీయా?" అని టాబ్లెట్ మైకులో అరిచింది.

"రెడీ!!!" అని అక్షరాలు వచ్చాయి. మోకో మైకు పాడైపోయిందట. అందుకే మినోరి మాట్లాడుతుంది, మోకో టైప్ చేస్తుంది.

ఐదయింది. ఊరి మైకు గరగరమంది. పడవ పాట మొదలైంది. మినోరి టాబ్లెట్‌ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. చేతులు లాగుతున్నా దించలేదు. తప్పు స్వరం కూడా వినిపించింది. పాట ఆగింది.

రెండు నిమిషాలు ఏమీ రాలేదు. మినోరి గోళ్లు కొరుక్కుంది.

"దొరికింది! హమానే!!!"

"అమ్మో!" అని మినోరి గెంతింది. కింద అంతస్తు వాళ్లు పైకి చూసేంత గట్టిగా గెంతింది. "ఎలా కనిపెట్టావే?"

"ఇంకా ఉంది. మీది తూర్పు స్కూలు! కరెక్టేనా?"

మినోరి నోరు తెరిచింది. స్కూలు సంగతి ఎత్తనే లేదే! మోకో మంత్రగత్తెలా ఉంది. ఒక్క క్షణం వెన్నులో చలిగా అనిపించింది. కానీ ఆ వెంటనే వచ్చిన మాట చూసి ఆ చలి మర్చిపోయింది.

"రెక్కలు నీవే! శనివారం మూడింటికి లాంచీల రేవు వెనక పార్కింగ్‌లో నీ చేతికే ఇస్తా. మా అన్నయ్య కారులో తీసుకొస్తున్నాడు. తెల్ల కారు. ఒక్కదానివే రా. ఈ మెసేజ్‌లన్నీ తుడిచెయ్. పెద్దవాళ్లు చూస్తే టాబ్లెట్ లాక్కుంటారు, ఆట పాడు చేస్తారు. సరేనా?"

"సరే!" అంది మినోరి.

తుడిచేద్దామని వేలు పెట్టింది. మళ్లీ తీసేసింది. ఇంత గొప్ప ఆటని ఎవరైనా తుడిచేసుకుంటారా? పడుకునే ముందు ఇంకో రెండు సార్లు చదువుకోవాలి.

గురువారం, శుక్రవారం నత్తనడక నడిచాయి.

శనివారం మధ్యాహ్నం సుమిరే వచ్చి మినోరి ఇంటి ముందు సైకిల్ గంట కొట్టింది. వేసవి జాతరకి వీళ్లిద్దరూ కలిసి పెద్ద డోలు వాయించాలి. మూడింటికి ప్రాక్టీసు.

"నేను ఇవాళ రాను," అంది మినోరి గుమ్మంలోనే.

"రావా? అంటే? నేనొక్కదాన్ని రెండు వైపులా వాయించాలా?"

"కడుపు నొప్పి."

"కడుపు నొప్పికి కొత్త చెప్పులేసుకుని, రెండు క్లిప్పులు పెట్టుకుంటారా?" సుమిరే సైకిల్ దిగింది. కోపంగా ఉంది. కోపం కంటే ఎక్కువగా చిన్నబోయింది. "నాకు చెప్పకూడనిది నీకేముందే?"

సుమిరేకి చెప్పనివి మినోరి దగ్గర ఇంతవరకూ ఏవీ లేవు. మూడో తరగతిలో పక్క తడిపిన సంగతి కూడా చెప్పింది. ఇంక ఆపుకోలేకపోయింది. మోకో, రెక్కలు, ఆనవాళ్లు, పాట, తెల్ల కారు, అన్నీ ఊపిరి తీయకుండా కక్కేసింది. టాబ్లెట్ కూడా చూపించింది.

"ఏడురంగుల రెక్కలే!" సుమిరే కళ్లు పెద్దవయ్యాయి. కోపం ఎగిరిపోయింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని గుమ్మంలోనే గిర్రున తిరిగారు. తిరిగి తిరిగి సుమిరే టక్కున ఆగింది.

"అవునూ, కనిపెట్టింది తనే కదా?"

"ఆఁ."

"అంటే గెలిచింది తను. మరి బహుమతి నీకెందుకు?"

మినోరికి మూడు రోజులుగా ఈ ప్రశ్నే తట్టలేదు.

"గొంతు ఎలా ఉంటుంది?" అంది సుమిరే.

"ఎవరిది?"

"మోకోదే."

"వినలేదు. మైకు పాడైంది."

"ఫోటో?"

"అడగలేదు."

"రెండు రైళ్లు, ఒక లాంచీ అన్నావ్. మరి కారెలా వస్తుంది? ఆట రెక్కలు ఆటలోనే పంపొచ్చు కదా, చేతికెందుకు?"

మినోరి మెట్టు మీద కూర్చుంది. బుధవారం బాల్కనీలో వెన్నులో పాకిన చలి మళ్లీ వచ్చింది. ఈసారి మర్చిపోవడానికి ఎదురుగా రెక్కలు లేవు.

"నేను పేరు చెప్పలేదే," అంది చిన్నగా. "స్కూలు చెప్పలేదు. అడ్రసు చెప్పలేదు. మూడింట్లో ఒక్కటి కూడా చెప్పలేదు."

అంతలో సుమిరే కళ్లు మెరిశాయి. "వెళ్లి చూద్దామా? రేవు ఆఫీసు పై అంతస్తులో కిటికీ ఉంది. దాక్కుని చూద్దాం. ఎవరొస్తారో తెలిసిపోతుంది!"

డిటెక్టివ్ పని! మినోరి కూడా లేచి నిలబడింది. ఇద్దరూ సైకిళ్లెక్కి కొండ దారిలో జారుకుంటూ దిగారు. గాలికి క్లిప్పు ఒకటి ఊడి ఎగిరిపోయింది. రెండూ నలభై.

రేవుకి వెళ్లే మలుపు దగ్గరే అమ్మ పనిచేసే సూపర్‌మార్కెట్. వెనక వైపు గొట్టంలోంచి కట్‌లెట్ల వాసన వస్తోంది. మినోరి బ్రేకు నొక్కింది. సుమిరే ముందుకెళ్లిపోయి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఏంటే? టైమైపోతోంది!"

మినోరి ఆ వెనక తలుపు వైపే చూస్తోంది. అమ్మకి చెబితే టాబ్లెట్ పోతుంది. రేపటి పండగ పోతుంది. అమ్మ అరుస్తుంది. నాన్నకి ఫోన్ చేస్తుంది. చెప్పకపోతే... కిటికీలోంచి వాళ్లు మోకోని చూస్తారు. సరే. మోకో పైకి చూస్తే?

తన గొంతు మోకోకి తెలుసు. తన స్కూలు తెలుసు. మోకో గురించి తనకేం తెలుసు?

"నాకు భయంగా ఉంది," అంది మినోరి. పైకి అనగానే ఎంత భయంగా ఉందో తనకే తెలిసింది. సైకిల్ అక్కడే పడేసి వెనక తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

అమ్మ తెల్ల టోపీ, మాస్కు పెట్టుకుని నూనెలోంచి కట్‌లెట్లు తీస్తోంది.

"ఇక్కడికి రాకూడదని చెప్పానా లేదా? నూనె మీద పడుతుంది, జరుగు!"

"అమ్మా, నేనొక పని చేశాను."

అమ్మ ఒక్కసారి కూతురి మొహం చూసింది. ఏమీ అడగకుండా పొయ్యి కట్టేసింది. నూనెలో ఇంకా పది కట్‌లెట్లు ఉన్నాయి. వాటి గురించి పట్టించుకోలేదు.

మినోరి చెప్పింది. ఈసారి ఏడుస్తూ చెప్పింది. మధ్య మధ్యలో సుమిరే అందించింది. అరుపులు ఎప్పుడు మొదలవుతాయా అని మినోరి చూసింది. అమ్మ అరవలేదు. మాస్కు కిందికి లాగి ఒకే ఒక మాట అడిగింది.

"మెసేజ్‌లు ఉన్నాయా, తుడిచేశావా?"

"ఉన్నాయి."

"మంచి పని చేశావ్ తల్లీ," అని అమ్మ ఫోన్ తీసింది. పోలీసుల నంబరు నొక్కింది.

పోలీసులు సైరన్ మోగించుకుంటూ వస్తారని సుమిరే ఎదురుచూసింది. అలా రాలేదు. కూరగాయలు కొనడానికి వచ్చినట్టు మామూలు బట్టల్లో ఒకావిడ వచ్చింది. పేరు ఇగరాషి అంది. టాబ్లెట్ చూసింది, ఫోటోలు తీసుకుంది, ఫోన్‌లో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడింది. "మీరు ముగ్గురూ ఇక్కడే ఉండండి. కిటికీలోంచి కూడా చూడొద్దు," అని సుమిరే వైపు ప్రత్యేకంగా చూసి వెళ్లిపోయింది.

"నా మనసులో మాట ఆవిడకెలా తెలిసిందే!" అని గుసగుసలాడింది సుమిరే.

సరుకు పెట్టెల మధ్య ముగ్గురూ కూర్చున్నారు. మూడయింది. మూడూ పది. సుమిరే మాడిపోయిన కట్‌లెట్లు రెండు తినేసింది. మినోరి ముట్టుకోలేదు, అమ్మ చెయ్యి వదల్లేదు. మూడూ ఇరవై. తలుపు చప్పుడైతే ముగ్గురూ ఉలిక్కిపడి లేచారు. క్యాబేజీ పెట్టె తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడు ఆ మొహాలు చూసి, క్యాబేజీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మూడున్నరకి ఇగరాషి మేడం వచ్చింది.

"తెల్ల కారు వచ్చింది," అంది. "అందులో ఐదో తరగతి అమ్మాయి లేదు. అన్నయ్యా లేడు. మీ నాన్నగారి వయసు మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు స్టేషన్‌లో ఉన్నాడు. మిగతాది మేం చూసుకుంటాం."

అమ్మ మినోరిని గట్టిగా దగ్గరికి లాక్కుంది. ఊపిరాడనంత గట్టిగా.

మినోరికి ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. మోకో అంటూ ఎవరూ లేరు. తను రోజూ కబుర్లు చెప్పిన, పుట్టినరోజు బొమ్మ గీసి పంపిన మోకో అసలు లేనే లేదు.

"కానీ నేనేం చెప్పలేదు మేడం! మూడింట్లో ఒక్కటి కూడా..."

"చెప్పలేదు. వినిపించావు," అంది మేడం నెమ్మదిగా. "ఊళ్ల మైకు పాటలన్నీ రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టే సరదా మనుషులున్నారు. చివర తప్పు స్వరం ఉన్న పడవ పాట దేశం మొత్తంలో మనదొక్కటే. ఇక స్కూలు భోజనాల పట్టిక టౌన్ హాల్ వాళ్లు నెల నెలా నెట్‌లో పెడతారు. మంగళవారం నిమ్మకాయ చేప పెట్టింది తూర్పు స్కూల్లోనే."

మినోరి తల దించుకుంది.

"తల ఎత్తు. మోసం చేసింది వాడు, తప్పు వాడిది. నువ్వు వచ్చి చెప్పావు. అక్కడితో వాడి ఆట అయిపోయింది."

టాబ్లెట్ పోయింది. పోలీసుల దగ్గరే ఉంచుకున్నారు. ఆదివారం పండగకి ఎవరెవరు ఎగిరారో మినోరికి తెలియదు. పొద్దంతా అమ్మ పక్కన పడుకుంది. సాయంత్రం నాన్న లారీ తిప్పుకుని వచ్చేశాడు.

సోమవారం కురాటా సార్ క్లాసులో ఒక ఉత్తరం పంచాడు, ఇంట్లో ఇవ్వమని. "మన ఊళ్లో ఒకరికి ఇంటర్నెట్‌లో అపరిచితుడి వల్ల ఇబ్బంది కలిగింది," అన్నాడు. ఎవరో చెప్పలేదు. చెప్పనని శనివారం సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడే మినోరికి మాటిచ్చాడు.

"ఎవడో మొద్దుమొహం!" షోగో పకపకా నవ్వాడు. "సార్ గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాస్తే చదువు రాదా వాడికి? అడ్రసు చెప్పేసి ఉంటాడు!"

క్లాసంతా నవ్వింది. మినోరి చెవులు వేడెక్కాయి. బల్ల కింద సుమిరే పాదం వచ్చి ఆమె పాదాన్ని తొక్కింది. ఊరుకో అని.

ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ సుమిరే అడగకపోతే తను ఇప్పుడెక్కడ ఉండేదో మినోరి రెండు రోజులుగా ఆలోచిస్తూనే ఉంది. సుమిరే అడగాలంటే ముందు తను చెప్పాల్సి వచ్చింది.

మినోరి లేచి నిలబడింది.

"ఆ మొద్దుమొహం నేనే."

నవ్వు టక్కున ఆగింది.

"నేను అడ్రసు చెప్పలేదు. పేరు చెప్పలేదు. స్కూలు చెప్పలేదు. అయినా వాడు వచ్చేశాడు. ఎలా వచ్చాడో తెలుసా?"

ఆనవాళ్లు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. పాట దగ్గరికి వచ్చేసరికి చేతులు పైకెత్తి టాబ్లెట్ ఎలా పట్టుకుందో చూపించింది. ఎవరూ నవ్వలేదు.

"భోజనం పట్టికా!" వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. "నేను రోజూ ఫోటో పెడతా కదే!"

"మా వీధి మురుగుకాలవ మూతల మీద ఊరి బొమ్మ ఉంటుంది. నా కుక్క ఫోటోలన్నింట్లో అది పడింది!"

"మన టోపీ! పసుపు టోపీ తూర్పు స్కూలుకే!"

"లాంచీ కూత!"

ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. కురాటా సార్ బోర్డు మీద రాస్తున్నాడు, సుద్దముక్క విరుగుతోంది, ఇంకోటి తీసుకుంటున్నాడు. బోర్డు నిండింది. గోడ మీది కాగితం ఎంత చిన్నదో సార్‌కే అప్పుడు అర్థమైనట్టుంది. దాన్ని పీకి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ గోలలో ఒక్క పెద్ద నోరు మాత్రం వినిపించలేదు. అది మినోరి గమనించలేదు.

బడి వదిలాక బూట్ల అరల దగ్గర మినోరి ఒంగి లేసు కట్టుకుంటోంది. పక్కన ఎవరివో కాళ్లు వచ్చి ఆగాయి.

షోగో.

"ఏంటి? ఇంకా వెక్కిరించడం మిగిలిందా?"

వాడు అటూ ఇటూ చూశాడు. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే అది వాడిదేనా అని అనుమానం వచ్చింది.

"నాతో కూడా ఒకడు ఆడతాడు. ఆరో తరగతి అన్నాడు. నా ఫోటో అడిగాడు... టోపీతో."

"పంపావా?"

షోగో తన బూట్ల వైపు చూస్తూ తలూపాడు. "ఇప్పుడు ఇంకోటి పంపమంటున్నాడు. పంపకపోతే అందరికీ చూపిస్తానంటున్నాడు. నువ్వు నవ్వుతావనుకున్నా."

మినోరి నవ్వలేదు. వాడి కళ్లలో నీళ్లు నిండటం చూసి, చూడనట్టు లేసు మళ్లీ ఒకసారి కట్టుకుంది.

"మెసేజ్‌లు తుడిచేశావా?"

"లేదు."

"తుడవకు. పద."

"ఎక్కడికి?"

"సార్ ఇంకా స్టాఫ్ రూమ్‌లోనే ఉన్నారు."

"నువ్వే చెప్పవే మినోరీ. ప్లీజ్."

"నువ్వే చెప్పాలి. నేను పక్కనే ఉంటా. మొదటి మాటే కష్టం, తర్వాత అదే వచ్చేస్తుంది."

బడి లోపల బూట్లు వేసుకోకూడదు. వాటిని మళ్లీ విప్పేసి ఇద్దరూ వరండాలో నడిచారు. స్టాఫ్ రూమ్ ముందు షోగో ఆగిపోయాడు. మినోరి వాడి బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో తలుపు తట్టింది.